పప్పు డబ్బాలో బ్యాంకు: మన తాండాల పైసల చరిత్ర

  పోస్టు పెద్దగనే ఉంటది, ఓపిక చేసుకొని చదవండి.

మేము వనపర్తిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ముగ్గురం. మూడు తాండాల వాళ్లం. మా ఇండ్లల్లో కాలేజీకి వచ్చింది మేమే మొదలు. మొన్న సంక్రాంతి సెలవుల్లో ముగ్గురం కలిసి మాలో ఒకరి తాండాకు పోయినం. ఎవరి తాండానో చెప్పం, యాడి ముగ్గురికీ యాడే. అక్కడ జరిగిన ఒక వంట కథ నుంచే ఈ పోస్టు పుట్టింది. ముందు ఆ కథ చెప్తం, తర్వాత చరిత్రలోకి పోదాం.

ఆ రోజు యాడి పొద్దున్నే పల్లికాయ తెంపడానికి కూలికి పోయింది. సాయంత్రం అలసిపోయి వస్తది కదా, మనమే వండి పెడదాం అనుకున్నం. చిన్నప్పటి నుంచి హాస్టల్ మెస్సులో పళ్లెం పట్టుకొని లైన్లో నిలబడ్డోళ్లం, పొయ్యి ముందు నిలబడ్డది ఎన్నడూ లేదు. మొదటిసారి అన్నంలో నీళ్లు ఎక్కువై ముద్ద అయింది. రెండోసారి నీళ్లు తక్కువ పోస్తే అడుగంటి మాడింది. సరే, పప్పయితే సులువు, కుక్కరే చూసుకుంటది అనుకున్నం. డబ్బా అడుగున కొంచెమే కందిపప్పు ఉంది. డబ్బా బోర్లించి మొత్తం కుక్కర్లోకి గుమ్మరించినం. పప్పు కడగాలని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పసుపు, కారం, ఉప్పు, నీళ్లు. ఐదు విజిళ్లు.

మూత తీసి గంటె పెడితే ఒక గుడ్డపేలిక తగిలింది. విప్పి చూస్తే నాలుగు ఐదువందల నోట్లు. పసుపు పట్టి, మెత్తగా ఉడికి ఉన్నయి. మన నోట్లను పత్తితో చేస్తరు, అందుకే కరిగిపోలేదు. కానీ విడదీయబోతే ఒకటి నడిమికి చినిగింది. అక్కడితో ఆగినా బాగుండేది. తొందరగా ఆరాలని వేడి పెనం మీద పరిచినం. ఒక నోటు మూల మాడింది. ఇంకొకటి పెనానికి అంటుకొని, గీకితే మూడో వంతు పోయింది. రెండు వేల రూపాయలు వండి, వేయించి పెట్టినం.

యాడి పొద్దుగూకినంక వచ్చింది. మేము తలకాయలు దించుకొని కూర్చున్నం. పెనం చూసింది, నోట్లు చూసింది. ఒక్కటే మాట అడిగింది: "పప్పు కడగలేదారా?" కడిగి ఉంటే గుడ్డ చేతికి దొరికేది. ఆ పైసలు మా సెమిస్టర్ ఫీజుకని రోజు కూలిలో కొంచెం కొంచెం ఆపి దాచినవట. అది విన్నంక మాకు ముద్ద దిగలేదు.

రాత్రి పడుకునే ముందు అడిగినం: "యాడీ, నీకు బ్యాంకుల ఖాతా ఉంది కదా. అందులో ఎందుకు వేయలేదు?" ఆమె అన్నది: "బ్యాంకుల ఏసినయి నాకు కనవడతయా? పప్పుల ఏసినయి రోజూ చేతికి తగులుతయి."

చదువుకున్నోళ్లం కదా, మొదట నవ్వొచ్చింది. పెద్దోళ్లకు తెలివి లేదు, భయం ఎక్కువ అని మనం అనుకుంటుంటం. కానీ తాండాలో పెద్దమనుషుల దగ్గర కూర్చొని అడిగి, వనపర్తికి వచ్చి లైబ్రరీలో చదివినంక మాకు అర్థమైంది వేరే. యాడి మాట వెనుక వందేండ్ల లెక్క ఉంది. ఆ లెక్కే ఇప్పుడు చెప్తున్నం.

మెడలో బ్యాంకు

మన లంబాడీ పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని ఊరూరా తిరిగి అమ్మినోళ్లు. దాన్ని లదేణి అంటరు. దక్కనులో దండయాత్రలకు పోయిన మొఘల్ సైన్యాలకు కూడా ధాన్యం మోసింది బంజారాలే. తిరిగేటోళ్లకు ఇల్లు లేదు, పెట్టె లేదు, తాళం లేదు. మరి సంపాదన ఎక్కడ దాయాలె? ఒంటి మీదనే. మన ఆడోళ్ల వెండి సొమ్ములు, కాంచళి మీద కుట్టిన నాణేలు, మెడలో రూపాయి బిళ్లల దండలు అందం కోసమే అనుకుంటరు చూసేటోళ్లు. అది వాళ్ల డిపాజిట్. కరువొస్తే ఒక బిళ్ల తీసి అమ్మేది, పంట పండితే ఇంకో బిళ్ల కుట్టేది. రాసుకునే పని లేదు, సంతకం అడిగేటోడు లేడు. పైగా ఆ బ్యాంకు ఆడమనిషి పేరు మీద ఉండేది.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. రోడ్లు పడ్డయి. రైలు డబ్బా మోసే బరువు ముందు ఎద్దు నిలబడలేదు. లదేణి మెల్లమెల్లగా పోయింది. తిరిగేటోళ్లు ఆగి తాండాలు కట్టుకున్నరు, కూలికీ సేద్యానికీ వచ్చిన్రు. తిరుగుడు మానిన చోట అప్పు మొదలైంది.

అప్పుడు మన ప్రాంతం వనపర్తి, గోపాల్‌పేట, గద్వాల, జటప్రోలు సంస్థానాల కింద, వాటి మీద నిజాం కింద ఉండేది. నడిచే రూపాయి కూడా వేరు, హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేవి. హైదరాబాదు ఇండియాలో కలిసినంక కూడా హాలీ సిక్కా కొన్నేండ్లు నడిచి, 1959లో చెల్లకుండా పోయింది. ఆ మార్పులో కాగితం నోటు దాచుకున్నోనికి, వెండి బిళ్ల దాచుకున్నోనికి చాలా తేడా ఉంటది. రాజు మారినా, ప్రభుత్వం మారినా వెండి వెండే. నోటు మాత్రం ఎవడో ఒక ఆర్డర్ వేస్తే కాగితం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందర మళ్లీ వస్తది.

నల్లమలలో లెక్క ఇంకో తీరు. చెంచులకు అడవే కొట్టు. తేనె, బంక, చింతపండు, కుంకుడుకాయ ఇచ్చి బియ్యం, ఉప్పు తెచ్చుకునేది. 1940లో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పెద్ద పుస్తకం వేసిన హైమండార్ఫ్ పేరు మీలో చాలామంది వినే ఉంటరు. తూకంలో మోసం జరగకుండా గిట్టుబాటు ధర ఇవ్వాలని 1956లో గిరిజన సహకార సంస్థ, అంటే మనం జీసీసీ అనేది, పుట్టింది. తర్వాత నల్లమలలోనూ డిపోలు వచ్చినయి. సరుకు కొనేది వాళ్లే, బియ్యం, ఉప్పు, నూనె అమ్మేది వాళ్లే. చాలా పెంటల్లో సర్కారుతో పైసల సంబంధం బ్యాంకుతో కాదు, ఆ డిపో తక్కెడతో మొదలైంది.

సావుకారి చిట్టా, మేస్త్రీ అడ్వాన్సు

తాండాల్లో స్థిరపడినంక విత్తనానికి అప్పు, ఎద్దుకు అప్పు, పెండ్లికి అప్పు. మిత్తి "నూటికి మూడు" అంటే చెవికి చిన్నగ వినపడతది. అది నెలకు. ఏడాదికి నూటికి ముప్పై ఆరు. పదివేలు తెస్తే ఏడాదికి మిత్తే 3,600. చిట్టా రాసేది సావుకారి, చదివేది సావుకారి, వేలిముద్ర వేసేది మనం. కట్టలేకపోతే భూమి పోయేది, లేకపోతే మనిషే జీతానికి కుదిరేది. నిజాం కాలంలో దాన్ని భగేలా అన్నరు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చేసరికి 1976 అయింది.

పాలమూరులో దానికి ఇంకో రూపం ఉంది, అది మన అందరి ఇండ్లకూ తెలుసు. గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చేది. ఆ పైసలతో పండుగ, పెండ్లి, పాత అప్పు తీరేది. తర్వాత మొగుడూ పెండ్లాం మూటాముల్లె సర్దుకొని లారీ ఎక్కేది. నాగార్జునసాగర్ నుంచి దేశంలో ఎక్కడెక్కడి డ్యాములు, కాలువల దాకా పాలమూరు లేబర్ చెమట ఉంది. పని అయిపోయినంక లెక్క చూస్తే అడ్వాన్సు తీరేది కాదు. మా తాతల్లో ఒకాయన చెప్పిండు: "పైసలు ముందుగాల వస్తే పనికొచ్చినట్టే ఉంటది. ఎనుక నుంచి గొంతు పట్టుకుంటది." కాగితం మీద ఉన్న పైసలంటే మనోళ్లకు ఎందుకు గిట్టదో ఈ ఒక్క మాటతో అర్థమైతది. కాగితం మీద లెక్క ఎప్పుడూ మనకు ఎదురే వచ్చింది.

బ్యాంకు వచ్చింది, మనం గడప ఎక్కలేదు

నిజాం సర్కారు 1941లో చట్టం చేసి హైదరాబాద్ స్టేట్ బ్యాంకును పెట్టింది. 1942లో గన్‌ఫౌండ్రీలో అది తెరుచుకుంది. తర్వాత అదే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. కానీ అప్పట్లో బ్యాంకు అంటే వ్యాపారులకు, జాగీర్దార్లకు, ఉద్యోగులకు. తాండా మనిషికి దాని గుమ్మం ఎటు ఉంటదో కూడా తెలియదు.

1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసిన్రు. పల్లెల్లో బ్రాంచీలు తెరవాలని, వ్యవసాయానికి అప్పులియ్యాలని చెప్పిన్రు. 1975 అక్టోబర్ 2 నుంచి గ్రామీణ బ్యాంకులు మొదలైనయి. మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు ఉండేది. 2006లో అది ఇంకో నాలుగింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. మీ ఇండ్లల్లో పాత పాస్‌బుక్కులు ఉంటే తీసి చూడండి, ఈ పేర్లు కనపడొచ్చు.

ఇదే కాలంలో మనకు ఇంకో పెద్ద మార్పు వచ్చింది. తెలంగాణ లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చిన సవరణ చట్టం 1976లో వచ్చి, 1977లో అమలైంది. సబ్సిడీ లోన్లు, బర్రెల లోన్లు, బావుల లోన్లు మన దాకా రావడం ఆ తర్వాతనే. అయితే లోన్ కావాలంటే ఫారం నింపాలె, జామీను చూపాలె, పది సార్లు తిరగాలె. తిరిగిన రోజు కూలి పోతది. నడుమల ఒక మనిషి వచ్చి "నేను చేపిస్త" అనేది. ఆయన వాటా ఆయనకు. బ్యాంకులో ఉన్నోళ్లు చెడ్డోళ్లు అని కాదు మేము చెప్పేది. మనకు, ఆ కౌంటరుకు నడుమ ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉన్నరు. సావుకారి దగ్గర నడుమ మనిషి అవసరం లేదు. అందుకే మిత్తి ఎక్కువైనా మనోళ్లు అటే పోయిన్రు.

పిడికెడు బియ్యం, రోజుకో రూపాయి

ఇక్కడ మళ్లీ వంటింట్లోకి రావాలె. యాడి అన్నం వండేటప్పుడు బియ్యం కొలిచి, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో పోస్తది. చిన్నప్పటి నుంచి చూస్తున్నం, ఎందుకని ఎన్నడూ అడగలేదు. ఆ పిడికెడు తగ్గినట్టు ఎవరి పళ్లెంలోనూ తెలియదు. నెల తిరిగేసరికి కొన్ని రోజుల బియ్యం అయితది. చుట్టం వచ్చినా, కూలి దొరకకున్నా ఆ కుండే దిక్కు. మన తెలుగు పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలు కూడా ఈ లెక్క మీదనే లేచినయి. నెల్లూరు జిల్లాలో 1990లలో సారా వ్యతిరేక పోరాటం చేసిన ఆడోళ్లు, ఆ వెంటనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పెట్టిన్రు. అది రాష్ట్రమంతా పాకింది. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి.

2004లో పావలా వడ్డీ వచ్చింది. నెలకు నూటికి పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలు. పదివేలకు ఏడాది మిత్తి 300. పైన సావుకారి లెక్క 3,600. పన్నెండు రెట్లు తేడా. సంఘంలో పుస్తకం రాసేది మన పిల్ల, పైసలు లెక్కపెట్టేది మన యాడి, తప్పు రాస్తే అడిగేది పక్కింటి అక్క. కాగితం మీద లెక్క మొదటిసారి మన కండ్ల ముందు, మన చాపల మీద జరిగింది. బ్యాంకు మీద నమ్మకం కౌంటరు దగ్గర పుట్టలేదు, ఆ చాప మీద పుట్టింది.

అన్నీ మంచిగనే జరగలేదు. సంఘాల చాప చూసి ప్రైవేటు మైక్రోఫైనాన్సు కంపెనీలు కూడా వచ్చినయి. వారం వారం కిస్తీ. ఒకరు కట్టకుంటే మిగతా ఆడోళ్లు వచ్చి వాళ్ల వాకిట్లో కూర్చోవాలె. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. ఆత్మహత్యల వార్తలు వచ్చినంక 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వాళ్ల వసూళ్లను కట్టడి చేసింది. కానీ అప్పటికే చాలామంది యాడీలు ఒక పాఠం నేర్చుకున్నరు: ఇంటికొచ్చి ఇచ్చేటోడు ఇంటికొచ్చి గుంజుకపోతడు.

వేలిముద్ర, రద్దు, చెక్కు

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదటి విడతలోనే మన జిల్లా ఉంది. కూలి మొదట పోస్టాఫీసులో, తర్వాత వేలిముద్ర పెట్టి తీసుకునే స్మార్ట్ కార్డుతో, ఆ తర్వాత ఖాతాలో. జీవితాంతం మట్టి తవ్విన వేళ్లకు గీతలు అరిగిపోయి ఉంటయి. మిషన్ ఆ వేలిని గుర్తుపట్టదు. పని చేసిన చెయ్యే, ఆ పని చేసినట్టు రుజువు చేయలేకపోయింది. మా యాడి విషయంలో ఇంకొకటి జరిగింది. ఒకసారి ఖాతాలో పడ్డ కూలిని గ్రూపు అప్పు కింద పట్టుకున్నరు. నియమం ఏమిటో ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి ఆమె ఖాతాలో పైసలు పడ్డ రోజే మొత్తం తీసి పప్పులో పెడుతుంది.

2016 అక్టోబర్ 11న వనపర్తి జిల్లా అయింది. నెల కూడా తిరగక ముందే, నవంబర్ 8 రాత్రి, ఐదువందలు, వెయ్యి నోట్లు రద్దు. మేము అప్పుడు ఆరో తరగతి, ఆశ్రమ పాఠశాలలో ఉన్నం. ఇంటికి ఫోన్ చేస్తే యాడి ఎక్కడుంది అంటే లైన్ల ఉంది అనేది. బియ్యం కుండలు, పప్పు డబ్బాలు, దిండ్ల గలీబులు అన్నీ బయటికొచ్చినయి. మొగుడికి తెలియకుండా, తాగుడుకు పోకుండా ఏండ్ల తరబడి దాచినవి ఒక్క రోజులో అందరికీ తెలిసిపోయినయి. డిసెంబర్ 30 లోపు బ్యాంకులో వేయకపోతే కాగితమే. హాలీ సిక్కా చెల్లకపోవడం చూసిన ముసలవ్వ ఒకామె అప్పుడు అన్నదట: "నేను చెప్పలే? వెండి అయితే రద్దు గాదు."

2018 మే నెలలో రైతుబంధు మొదటిసారి ఎకరానికి 4,000 చొప్పున చెక్కులు ఇచ్చిన్రు. పట్టా ఉన్న మా బాపులు చెక్కు అనేదాన్ని చేతిలో పట్టుకోవడం అదే మొదలు. మడత పెడితే చెల్లదేమోనని నోటుపుస్తకం నడుమ పెట్టుకొని బ్యాంకుకు పోయిన్రు. ఇప్పుడేమో తాండా కిరాణా కొట్టు గోడ మీద కూడా స్కాన్ చేసే బొమ్మ ఉంది. లదేణి నుంచి వెండి, వెండి నుంచి చిట్టా, చిట్టా నుంచి పాస్‌బుక్, పాస్‌బుక్ నుంచి ఫోన్. మూడు నాలుగు తరాల్లో ఇంత దూరం నడిచినం.

మళ్లీ ఆ నాలుగు నోట్లు

సెలవులు అయిపోయినంక ఉడికిన నోట్లను పుస్తకంలో పెట్టుకొని, యాడిని తోలుకొని బ్యాంకుకు పోయినం. ఒక బ్యాంకులో "ఇవి చెల్లవు" అని పంపేసిన్రు. ఇంతకుముందయితే అక్కడి నుంచి ఇంటికే పోయేటోళ్లం. ఈసారి బయట చెట్టు కింద కూర్చొని ఫోన్‌లో రిజర్వ్ బ్యాంకు నియమాలు చదివినం. యాభై, అంతకు మించిన నోటులో విడిపోని ఒకే ముక్క 80 శాతం కంటే ఎక్కువ మిగిలితే పూర్తి విలువ ఇవ్వాలె. 40 నుంచి 80 శాతం ఉంటే సగం. దానికంటే తక్కువైతే ఏమీ రాదు. రెండు ముక్కలైనా రెండూ ఒకే నోటువి అయి, ముఖ్యమైన గుర్తులు పోకుంటే మార్చి ఇస్తరు.

ఇంకో బ్రాంచికి పోయినం. అక్కడ అక్క ఒకామె నోట్లు చూసి, "ఏం చేసిన్రు వీటిని?" అని అడిగింది. "పప్పు వండినం మేడం" అన్నం. ఆమె నవ్వింది, పక్క సీటాయన నవ్విండు, చివరికి యాడి కూడా నవ్వింది. మూడింటికి పూర్తి విలువ, పెనానికి అంటుకున్న దానికి సగం. మొత్తం 1,750 చేతికి వచ్చినయి. మా వంట ఖరీదు 250.

యాడి ఆ పైసలు లెక్కపెట్టుకొని, కాసేపు ఆలోచించి, ఐదువందలు పక్కన పెట్టి "ఇవి అందుల ఏయి" అన్నది. అన్నీ కాదు, ఐదువందలే. ఫారం మేము నింపినం కానీ, రాసిన ప్రతి గీత ఆమెకు చదివి వినిపించినం. అప్పు ఖాతా వేరు, ఈ ఖాతా వేరు చేయొచ్చా అని ఆమెనే కౌంటర్లో అడిగింది. మిగతావి మళ్లీ గుడ్డలో కట్టుకుంది. అది వెనుకబాటు అని మాకు ఇప్పుడు అనిపించడం లేదు. అంతా ఒకే చోట పెట్టకూడదని ఆమెకు మన కంటే ముందే తెలుసు.

చివరగా మూడు ముచ్చట్లు. ఒకటి, కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతా అడిగితే బ్యాంకులు ఇయ్యాలె. స్కాలర్‌షిప్‌లో కోతలు పడుతున్న తమ్ముళ్లు ఇది అడగండి. బ్యాంకుకు రాసి ఇచ్చినా వినకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉంది, నంబరు 14448. రెండు, ఫోన్‌లో నిమిషంలో అప్పు ఇస్తమనే యాప్‌ల జోలికి పోవద్దు. అది కొత్త బట్టలు వేసుకున్న మేస్త్రీ అడ్వాన్సే. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మూడు, ఇంటికి పోయినప్పుడు యాడిని, దాదీని అడగండి: నీ పైసలు ఎక్కడ దాచేదానివి, ఎవరి నుంచి దాచేదానివి అని. వాళ్లు చెప్పింది ఇక్కడ రాయండి. పెంటల నుంచి, గూడేల నుంచి కూడా రాయండి. మన పైసల చరిత్ర ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు, వాళ్ల డబ్బాల్లో ఉంది.

ఇంకో మాట. ఇప్పుడు మేము పప్పు కడిగే వండుతున్నం.